పాత కారుకు కొత్త గొట్టాలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు చాలా సందేహించాను. సాహిత్యము, సంగీతము తెలిసిన పెద్దలు ఈ సభలో ఎందరో వున్నారు. నేను మెట్రిక్కుతో చదువు ముగించి, ఖుర్దారోడ్డు రైల్వే ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చునే గుమాస్తాను. “నీ చేత్తో చేసిన పని ఏదైనా చెప్పవోయ్, చాలు” అన్నారు వారు. అందుచేత ఇంజను మార్చిన పాత కారులో చల్లగాలి యంత్రానికి గొట్టాలు ఎలా అమర్చుకోవాలో మనవి చేస్తాను. ఇదేమి విషయమని నవ్వుకోకండి. ఆ గొట్టం మూలంగానే మా నాన్నగారు తమ అప్పగారిని చూడబోయి, సగం దారిలో వెనక్కి తిరిగి రావలసి వచ్చింది.

మా అంబాసిడరును మీలో చాలామంది ఎరుగుదురు. పెళ్లికొడుకులను మోసింది, ఈ సంఘం హార్మోనియం పెట్టెనూ మోసింది. దాని పాత ఇంజను 1489 సి.సి.ది. అరిగి అరిగి, పెట్రోలుతో సమానంగా నూనె తాగడం మొదలుపెట్టింది. దాన్ని దింపి 1817 సి.సి. ఇసుజు ఇంజను వేయించాము. 1990ల దశకంలో కంపెనీవారే ఇదే శరీరంలో ఆ ఇంజను పెట్టి అమ్మారు గనుక, ఇది అతకని సంబంధమేమీ కాదు. ఈ బండ్ల తయారీ ఉత్తర్‌పారాలో 2014లో ఆగిపోయింది. ఇకమీదట వున్నవాటిని కాపాడుకోవడమే. ఒక్క మాట మరువకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇటువంటి మార్పునకు రిజిస్టరింగు అధికారి అనుమతి వుండాలి. కాగితం లేకుండా పానా పట్టకండి.

రైల్వేవాడివి, పాసు వుండగా కారెందుకు అని మీరడగవచ్చు. నాన్నగారికి మోకాళ్లు పోయాయి. ప్లాట్‌ఫారం వంతెన ఎక్కలేరు. మా మేనత్త వుండేది టెక్కలి దగ్గర పల్లె. స్టేషనులో దిగిన తరువాత కూడా చాలా దూరం పోవాలి. పైగా వారికి గుండెజబ్బు. ఎండలో తిప్పవద్దని డాక్టరుగారి ఆజ్ఞ. అందుకే కారు, అందుకే అందులో చల్లగాలి.

నిరుడు వైశాఖంలో బయలుదేరాము. ఒక గంట హాయిగా సాగింది. చిలకసరస్సు కనబడే వేళకు లోపల గాలి వేడెక్కింది. బాలుగావ్ దాటి ఒక చింతచెట్టు కింద ఆపి మూత ఎత్తి చూస్తే, గొట్టం అతుకు దగ్గర నూనె చెమ్మ. వాయువంతా పోయింది. బయట వడగాలి. నాన్నగారి ముఖం ఎర్రబడింది. మా ఆవిడ తడిగుడ్డతో వారి మెడ తుడుస్తూ వున్నది. ముందుకు పోదామని వారన్నారుగాని, నాకు ధైర్యం చాలలేదు. పొద్దు వాలేవరకూ చెట్టుకిందే వుండి, వెనక్కి తిప్పాను. అత్తయ్యకు ఎనభై దాటాయి. “మళ్లీ చూస్తానో లేదో” అని నాన్నగారు ఒక్కసారే అన్నారు. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

తప్పు ఎక్కడున్నది? పాత ఇంజనుకు కంప్రెసరు ఒక పక్క వుండేది, కొత్త ఇంజనుకు రెండవ పక్క వచ్చింది. పాత గొట్టాలు అందలేదు. బిగించిన మిస్త్రీ ఒక ముక్క అతికి, రెండు క్లిప్పులు వేసి, వీణతీగవలె బిగలాగి తగిలించాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. “రేపే ప్రయాణం, ఎలాగో కానియ్యి” అని తొందరపెట్టినవాణ్ణి నేనే.

మర్నాడు నాన్నగారు వాకిట కుర్చీలో కూర్చుని ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నారు. వారు ముప్ఫై ఏళ్లు క్యారేజి ఫిట్టరుగా చేసినవారు. “ఒరేయ్, రెండు పెట్టెల మధ్య బ్రేకుగొట్టం ఎప్పుడైనా బిగిసి వుండగా చూశావా? కిందికి వేలాడుతూ వుంటుంది. మలుపులో ఆ వేలాడే భాగమే అది తెగకుండా కాపాడుతుంది. నీ గొట్టానికి వేలాడే చోటేదిరా?” అన్నారు. పదేళ్లుగా రోజూ ఆ పెట్టెల పక్కనుంచే ఆఫీసుకు నడిచి వెళుతున్నాను. ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఇప్పుడు యంత్రం సంగతి. కొత్తకుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది గనుక. కారులోనూ అదే సూత్రం. కంప్రెసరు వాయువును నొక్కుతుంది. అది వేడెక్కి ముందున్న కండెన్సరులోకి పోయి, గాలికి చల్లబడి ద్రవమవుతుంది. ఆరబెట్టే డబ్బా గుండా వచ్చి, సన్నని రంధ్రంలో పీడనం కోల్పోయి, లోపలి పెట్టెలో ఆవిరి అవుతూ మన వేడిని లాక్కుంటుంది. తిరిగి కంప్రెసరుకు చేరుతుంది. ఈ ప్రదక్షిణకు మూడు గొట్టాలు. కంప్రెసరుకు తిరిగివచ్చేది లావుది, లోపలి వ్యాసం సుమారు 13 మిల్లీమీటర్లు. కంప్రెసరునుంచి వెళ్లేది 10. ద్రవం నడిచేది 8. పలచని ఆవిరికి చోటెక్కువ కావాలి గనుక మొదటిది లావు. అంగట్లో వీటిని 10, 8, 6 నంబర్లంటారు. ఈ నంబర్లు మిల్లీమీటర్లు కావు, పొరబడవద్దు.

తిరిగివచ్చే గొట్టంలో పీడనం సుమారు 30 పౌండ్లు, అనగా మన టైరులో వున్నంత. వెళ్లే గొట్టంలో ఎండవేళ 200 దాటుతుంది. రైలు బ్రేకు పైపులో వుండేది చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. అనగా మన కారు గొట్టం రైలు గొట్టానికి సుమారు మూడింతల పీడనం మోస్తుందన్నమాట. నీళ్ల గొట్టపు క్లిప్పులు దీనికి ఎలా ఆగుతాయి?

గొట్టం జాతి కూడా ముఖ్యం. ఓజోను పొరను కాపాడాలని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరిన మీదట పాత ఆర్-12 వాయువు పోయి, ఆర్-134ఎ వచ్చింది. దీని అణువు చిన్నది. పాత రబ్బరు గోడలోనుంచి కూడా మెల్లగా జారిపోతుంది. అందుచేత లోపల నైలాను పొర వున్న బ్యారియరు గొట్టమే కొనాలి. రబ్బరు చుట్లు కూడా ఈ వాయువుకు, దాని నూనెకు తగినవే వుండాలి.

ఈసారి కటకంలో ఒక ముసలి మిస్త్రీని పట్టుకుని, పక్కన కూర్చుని చేయించాను. ఆయన చేసిన వరుస చెబుతాను.

మొదట దారి నిర్ణయించాలి. వేడి సైలెన్సరు మొదలుకు జానెడు దూరం, ఫ్యాను రెక్కలకు అందనంత ఎడం. లోపలికి పోయే రేకు కంతకు రబ్బరు కమ్మి. తరువాత తాడు పెట్టి కొలవాలి. ఇంజను తన దిమ్మలమీద ఊగుతుంది గనుక దాన్ని చేత్తో ఊపి చూసి, రెండంగుళాలు వదులుగా వుంచాలి. గొట్టాన్ని మడతపెట్టకూడదు. మలుపు అవసరమైతే వంపు తిరిగిన మూతిని వాడాలి. పదునైన కత్తితో తిన్నగా కోయాలి. రంపపు పొట్టు లోపల పడితే కంప్రెసరుకు చేటు.

మూతులను నొక్కేముందు గొట్టాన్ని బండిలోనే వుంచి, మూతిని సరైన కోణానికి తిప్పి, రెండింటిమీదా కలిసేటట్టు తెల్లగీత గీయాలి. ఆ గీత చూసే బయట మరమీద నొక్కించాలి. ఈ ఒక్క గీత మరిస్తే నొక్కిన తరువాత మూతి తిరగదు, గొట్టం మెలిపడుతుంది. బిగించేటప్పుడు రబ్బరు చుట్టుకు నూనె రాసి, రెండు పానాలు వాడాలి. ఒకటి పట్టడానికి, ఒకటి తిప్పడానికి. ఆరబెట్టే డబ్బా మూతలు చివరివరకూ తీయవద్దు. అది గాలిలోని తేమ పీల్చేస్తుంది.

అప్పుడు నైట్రోజను నింపి, ప్రతి అతుకుమీదా సబ్బునురుగు పూసి బుడగలు చూశాము. ఒక చోట వచ్చింది. విప్పి మళ్లీ బిగించాము. తరువాత పంపుతో ముప్పావుగంట గాలి, తేమ లాగివేసి, ఆపి అరగంట వేచాము. ముల్లు కదలలేదు. అప్పుడే వాయువును తూచి నింపారు. ఈ వాయువు కంటిలో పడితే కన్ను పోవచ్చు, అద్దాలు తప్పనిసరి. గాలిలోకి వదిలిపెట్టడమూ పాపమే. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు వెయ్యిరెట్ల పైమాట.

కార్తికంలో మళ్లీ బయలుదేరాము. వేసవి కాకపోయినా పగటి ఎండ చురుక్కుమంటూనే వున్నది. అదే చింతచెట్టు దగ్గర నాన్నగారు ఆపమన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. దిగి, మూత ఎత్తించి, ఇంజను నడుస్తూ వుండగా గొట్టాన్ని చూశారు. అది మెల్లగా ఊగుతున్నది. “ఊఁ, పద” అన్నారు. మధ్యాహ్నానికి పల్లె చేరాము. అత్తయ్యకు చూపు ఆనదు. తమ్ముడి చెయ్యి తడిమి, “ఇంతెండలో ఎలాగొచ్చినావురా?” అన్నది. “ఎండ తెలీలేదప్పా” అన్నారు నాన్నగారు. నాకు అంతకు మించిన బహుమానం అక్కరలేదు.

పెద్దలారా, మనమూ ఈ ఒరియా దేశంలో మూడు తరాలుగా వున్నాము. పుట్టిన ఊరికీ, బ్రతికే ఊరికీ మధ్య మనకూ రాకపోకల బంధం వున్నది. దాన్ని తొందరపడి అతకవద్దు, బిగలాగవద్దు. ఈ వేసవిలో మీ ఇంటి పెద్దలను ఒకసారి ఊరికి తీసుకువెళ్లండి. కారు కావలసినవారు నన్ను అడగండి. బయలుదేరేముందు మాత్రం మూత ఎత్తి గొట్టాలు చూస్తాను.