అసలు సైబీరియా పక్షి ఏది? వానలో పులికాట్

ఈ ఎపిసోడ్‌లో పులికాట్ సరస్సు గురించి, అదీ నవంబర్ వానలో పులికాట్ గురించి మాట్లాడుకుందాం.

"వానలో పక్షులేం కనిపిస్తాయి బ్రో, ఎండ వచ్చాక వెళ్దాం" అంటారు చాలామంది. నిజానికి మబ్బు పట్టిన రోజే మేలు. ఎండ కాస్తే నీటి మీద వేడి గాలి కదులుతూ ఉంటుంది, దూరంగా ఉన్న పక్షి బైనాక్యులర్స్‌లో వణుకుతున్నట్టు కనబడుతుంది. మబ్బులో ఆ గొడవ లేదు. జల్లు గట్టిగా పడితే కారులోనే కూర్చోండి, తగ్గగానే అద్దం దించి చూడండి. కారుని పక్షులు పెద్దగా పట్టించుకోవు. మనిషి దిగితేనే లేస్తాయి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. పోయిన నవంబర్‌లో నేను అక్కడుండగా ఒక ఫ్యామిలీ కారు ఆపింది. ఫ్లెమింగోల గుంపుని చూపిస్తూ ఆ నాన్నగారు "సైబీరియా నుంచి వచ్చాయిరా" అని పిల్లాడికి చెప్తున్నారు. మనందరం విన్నమాటే కదా ఇది. కానీ మన దేశంలో ఫ్లెమింగోలు గూళ్లు పెట్టే పెద్ద చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. ఇక పక్కనే నేలపట్టులో కనిపించే గూడబాతులు అక్కడి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అంటే వాటికి అదే పుట్టిల్లు!

మరి అసలు సైబీరియా పక్షి? రోడ్డు కట్ట కింద బురదలో తిరుగుతోంది, ఎవరూ చూడట్లేదు. దాని పేరు కర్లూ శాండ్‌పైపర్. బూడిద రంగు, కిందికి వంగిన ముక్కు, బరువు సుమారు 60 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డంత. ఇది పుట్టేది ఆర్కిటిక్ సైబీరియాలో. పెద్ద పక్షులు ముందే బయల్దేరిపోతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు తర్వాత, దారి చూపే అమ్మానాన్నా లేకుండానే దక్షిణానికి ఎగురుతాయి. ఆలోచించండి, మనకి గూగుల్ మ్యాప్స్ లేకపోతే పక్క వీధి కూడా తెలీదు.

ఇప్పుడు వాన సంగతి. దీనికి కావాల్సింది లోతు నీళ్లు కాదు, తడి బురద. ఈశాన్య రుతుపవనాల వానకి నీటిమట్టం పెరిగితే బురద మునిగిపోతుంది. అప్పుడు ఇవి అంచులకి, అంటే రోడ్డు దగ్గరికి జరుగుతాయి. గాలీవానా ఎక్కువైతే గాలికి ఎదురుగా ముఖం పెట్టి కదలకుండా నిలబడతాయి. బ్యాటరీ సేవింగ్ మోడ్ అనుకోండి.

సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు హారన్ కొడతారు. గుంపు ఎగిరితే రీల్ బాగా వస్తుందని. మనకి 15 సెకన్ల వీడియో. వాటికి తిండి ఆగిపోయి, ఒంట్లో కొవ్వు ఖర్చయిపోవడం. మళ్లీ ఆర్కిటిక్ చేరడానికీ కొవ్వే కావాలి. పైగా ఈ జాతి సంఖ్య బాగా తగ్గిపోతోంది. అందుకే 2024లో ఐయూసీఎన్ దీన్ని ముప్పు అంచునున్న వర్గం నుంచి ముప్పులో ఉన్న జాతుల్లోకి మార్చింది.

కాబట్టి వెళ్లండి, వానలోనే వెళ్లండి. హారన్ వద్దు, డ్రోన్ వద్దు. ఫ్లెమింగోలని చూశాక ఒక్క 10 నిమిషాలు కట్ట కిందికి కూడా చూడండి. ఆ కోడిగుడ్డంత పిట్ట కనిపిస్తే, పక్కనున్న పిల్లాడికి చెప్పండి, సైబీరియా నుంచి వచ్చింది ఇదేరా అని.

మీ ఊరి చెరువుకి ఏ పక్షులొస్తాయో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండీ.