పెసలు నేర్పెడి పాఠము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



అంగన్‌వాడీలో పసిపిల్లలచేత వంటపనులు చేయించుచున్నారని విన్నంతనే కొందరు తల్లిదండ్రులు నొచ్చుకొనుట మేమెరుగుదుము. "అక్షరములు నేర్పుడని పంపితిమి గాని, గరిటె పట్టుటకా?" అని వారడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి బదులు చెప్పవలసిన బాధ్యత మనకు కలదు.

ఒక సోలెడు పెసలు తీసికొందము. పిల్లలు వానిని చేటలో పోసి రాళ్లు ఏరుదురు. రేపు బలపము పట్టవలసినవి ఆ వ్రేళ్లే. ఎన్ని గిన్నెల నీరు పోసినదియు వారే లెక్కించుదురు. రాత్రి నానిన పెసలు తెల్లవారి ఆ సోలలో పట్టవు. ఎందుకు పట్టలేదని అడిగినచో, నీరు పీల్చి ఉబ్బినవని తామే కనుగొందురు. తడిగుడ్డలో మూటగట్టినచో మరునాటికి తెల్లని మొలక తొంగిచూచును. లెక్కయు, ప్రకృతి పాఠమును, మాటనేర్పును ఆ మూటలోనే యున్నవి.

ఇది నేటి వింత కాదు. గిజుభాయి బధేకాగారు 1920లో భావనగరున బాలమందిరము నెలకొల్పి, పిల్లలు స్వయముగా పనిచేసి నేర్చుకొను పద్ధతిని పాటించిరి. 1937లో వార్ధా సభలో గాంధీజీ చేతిపనితో ముడిపడిన విద్యను దేశము ముందుంచిరి. 1975లో అంగన్‌వాడీల పథకము ఆరంభమైనది. పోషణతోపాటు చదువును చేర్చు కార్యక్రమమును కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రారంభించినది.

అయితే జాగ్రత్త ముఖ్యము. పొయ్యి దగ్గరకును, కత్తిపీట దగ్గరకును పిల్లలను రానీయరాదు. మొలకలను ఆయాయే ఆవిరిపై ఉడికించవలెను. చల్లారిన పిదప కొబ్బరికోరు, నిమ్మరసము పిల్లలు కలుపుదురు. పెసలలోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసము తోడ్పడును. గొంతున అడ్డుపడు వేరుసెనగ పలుకులు పసివారికి వలదు. సబ్బుతో చేతులు కడిగిన పిదపనే పని మొదలుకావలెను. మగపిల్లలను వేరుగా కూర్చుండబెట్టరాదు.

ఇక అసలు చిక్కు వేరొకటి కలదు. ఒక గ్రామమున మేము చూచితిమి. "ఫలానావారి పిల్లలు కలిపినది మా వాడు తినడు" అని ఒక తల్లి బిడ్డను తీసికొనిపోయెను. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణమున నిషేధించినదని ఆమెకు చదివి వినిపించినచో ప్రయోజనమేమి? సర్పంచిగారు వాదింపలేదు. మరునాడు వచ్చి పిల్లల వరుసలో చాపపై కూర్చుండి, వారు కలిపిన మొలకలను అందరి ఎదుట తినిరి. మరి రెండు వారములు అట్లే వచ్చిరి. మూడవ వారమున ఆ బిడ్డ తిరిగి వరుసలోనికి వచ్చెను.

కనుక మేము కోరునది పెద్ద వ్యయము కాదు. మీ కేంద్రమునకు మంచినీరు, సబ్బు ఎల్లప్పుడును ఉండునట్లు చూడుడు. నెలకొక దినము స్వయముగా వెళ్లి ఆ వరుసలో కూర్చుండుడు. పిల్లలు పెట్టినది తినుడు. ఊరు మిమ్ములను చూచి నేర్చుకొనును.