విమానాశ్రయమున కొక సంగీతము



విమానాశ్రయ మనగా మనకు వినోదస్థలము కాదు. దుబాయికో మస్కట్టుకో పోవు కొడుకును శంషాబాదులో గాజుతలుపు వరకు సాగనంపి, వాడు కనుమరుగగు దాక వెలుపల నిలిచి చూచు చోటు. అట్టి చోట వేచియుండువారి మనస్సునకు ఊరట కలుగవలెనని ఒక ఆంగ్లేయుడు సంగీతము కూర్చెను. ఆయన పేరు బ్రయన్ ఈనో. ఆ ఆల్బమునకు ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ అని పేరు; విమానాశ్రయముల కొరకైన సంగీతమని అర్థము.

ఇందు పాట లేదు, తాళము లేదు. భాగములు నాలుగు. పియానో, విద్యుద్వాద్యము, స్త్రీకంఠముల దీర్ఘస్వరములు, అంతే. రెండవ భాగమును కూర్చిన విధము మాత్రము చెప్పదగినది. ఒక్కొక్క కంఠస్వరమును వేర్వేరు టేపులపై పట్టి, ప్రతి టేపు కొనలను కలిపి చుట్టగా జేసి, ఎడతెగక తిరుగనిచ్చెను. ఒక చుట్ట 23న్నర సెకండ్ల కొకసారి తిరుగును. వేరొకటి సుమారు 26, ఇంకొకటి సుమారు 30. కావున స్వరములు ఒకప్పుడు జతగూడును, ఒకప్పుడు ఎడబాయును; ఒకసారి విన్న కూర్పు మరల వినబడుట అరుదు. పంచాంగ మెరిగిన మీకిది వింతగాదు. గురుడు సుమారు 12 ఏండ్లకును, శని సుమారు 30 ఏండ్లకును రాశిచక్రమును చుట్టివత్తురు. ఉభయులును బయలుదేరిన చోటనే మరల కలిసికొనుటకు దాదాపు 60 ఏండ్లు పట్టును.

విమర్శకులందరును దీనిని తొలుత ఆదరింపలేదు. రోలింగ్ స్టోన్ అను అమెరికా పత్రికలో ఒకరు, ఇందు పనితనము కలదు గాని, అది తెలియవలెనన్నచో సంగీతోద్దేశమునకే విరుద్ధముగా మనస్సు నిలిపి వినవలసివచ్చునని ఆక్షేపించిరి. ఆక్షేపణ తెలివైనదే. నేనును తొలిసారి విని, గాయకుడు రాని కచేరిలో తంబుర మీటుచున్నట్లున్నదని మనుమనితో అంటిని. 1980లో న్యూయార్కునందలి లాగార్డియా విమానాశ్రయమున దీనిని వినిపించిరి. 1998లో బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ బృందము వాద్యములపై దీనినే వాయించి రికార్డు వెలువరించినది. 2016లో పిచ్‌ఫోర్క్ అను సంగీత పత్రిక ఈ జాతి ఆల్బములలో దీనికే ప్రథమస్థాన మిచ్చినది. ఇన్నేండ్లలో ఆ టేపున ఒక్క స్వరమైనను మారలేదు.

సిరిసిల్లలో సాంచెలు నడుపు నా బాల్యమిత్రుడు, కొడుకును గల్ఫునకు సాగనంపబోవుచు నన్ను తోడు రమ్మనెను. తిరుగుదారిలో అతడొక్క మాటయు పలుకలేదు. కారు నడుపుచున్న నా మనుమడు సన్నగా ఈ సంగీతమును పెట్టెను. నేను విమర్శకునివలె చుట్టలు లెక్కించుచుంటిని. కొంత దూరము వచ్చిన పిదప మిత్రుడు, “పంతులూ, పక్క షెడ్డుల సాంచెలు నడుస్తున్నట్టున్నది” అనెను. నిజమే. నాలుగు సాంచెలు నాలుగు వేగములతో నడచునప్పుడు వాని మోతలును ఇట్లే కలిసి, విడిపోయి, మరల కలియును. అతడు ముప్పది యేండ్లు ఆ మోత ప్రక్కనే నిద్రించినవాడు. కొడుకు నడిపిన సాంచె ఆ రాత్రి ఆగియున్నది.

సిద్దిపేట దాటునప్పటికి మిత్రునకు కన్నుమూతపడెను. మనుమడు సంగీతము ఆపబోగా వలదంటిని. ఆ తరువాత ఏ భాగము వచ్చెనో నేనెరుగను.