హేట్ క్రైమ్: పోలీసులు అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్న

2017 ఫిబ్రవరిలో నేను బీటెక్ చదువుతున్నా. హాస్టల్ మెస్‌లో టీవీ చూస్తుంటే ఆ వార్త వచ్చింది. అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతా అనే ఊళ్ళో 32 ఏళ్ళ ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్లను బార్‌లో కాల్చి చంపేశారు. మా టేబుల్ మీద సగం మంది ముందు జీఆర్‌ఈ పుస్తకాలు. ఒక్కరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆలోచించండి. బార్‌లో గొడవ, తుపాకీ, హత్య. పోలీసు రిపోర్ట్‌లో ఇంతే రాస్తే? హత్య కేసు ఉంటుంది, కానీ అసలు కారణం మాయమైపోతుంది.

హేట్ క్రైమ్ అంటే సింపుల్: నేరం ప్లస్ ద్వేషం. అందుకే పోలీసు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇతన్నే ఎందుకు ఎంచుకున్నాడు?" జవాబు చిన్న చిన్న విషయాల్లో దొరుకుతుంది. కాల్చినవాడు "నా దేశం నుంచి పో" అని అరిచాడు. తర్వాత పక్క రాష్ట్రం మిస్సోరీకి పారిపోయి, ఇరాన్ వాళ్ళను కాల్చానని అక్కడి బార్‌లో చెప్పాడు. మనవాళ్ళు ఇరానీలు కారు కదా! అయినా తేడా లేదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, వాడు ఏమనుకుని కొట్టాడన్నదీ లెక్కే. 2018లో ఫెడరల్ కోర్టు హేట్ క్రైమ్ కింద జీవిత ఖైదు వేసింది.

ఇవన్నీ గుర్తుపట్టడం నేర్పాలి, వాటంతటవే రావు. 57 దేశాలున్న ఓఎస్‌సీఈ అనే సంస్థకి వార్సాలో ఒక ఆఫీసు ఉంది. అది వేర్వేరు దేశాల పోలీసులకు ఇదే ట్రైనింగ్ ఇస్తుంది: అన్న మాటలు ఏంటి, గోడ మీద గుర్తులేంటి, ఆ చోటు ఏంటి, ఆ తేదీ ఏంటి. బ్రిటన్‌లో అయితే 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడి హత్య కేసులో పోలీసులు ఘోరంగా ఫెయిలయ్యారు. 1999లో మాక్‌ఫర్సన్ రిపోర్ట్ ఏం చెప్పిందంటే, ఇది జాతి వివక్షతో జరిగిందని బాధితుడు అనుకున్నా చాలు, అలాగే నమోదు చేయాలి.

కానీ పోలీసుకి ఎంత ట్రైనింగ్ ఉన్నా, మనం చెప్పకపోతే? "ఎందుకురా గొడవ, వీసాకి ఇబ్బంది" అని ఇంట్లోవాళ్ళు అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. అయినా అక్కడున్న అన్నలు, అక్కలు, ప్లీజ్: వాడు అన్న మాట అన్నట్టే చెప్పండి. బూతైనా సరే, మార్చకండి. అది రిపోర్ట్‌లో రాశారో లేదో చూసుకోండి. కేసు ఆ మాట మీదే నిలబడుతుంది.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఫ్లైట్ ఎక్కుతుంటే ఈ వీడియో పంపండి. ఉంటా మరి.