షికారు వెళ్తే సేద తీరుతుందా, అలసట పెరుగుతుందా?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిపిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



బి.పి. గురించో షుగరు గురించో చెబుతారనుకుని వస్తే, ఈ సిస్టర్ పార్కులు, రంగులరాట్నాలు అంటోందేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని డిశ్చార్జి రోజున మందుల చీటీ వివరించి, "ఇంకేమైనా అడగాలా?" అంటే, చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఇదే. "సిస్టర్ గారూ, పిల్లలు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. నాన్నగారిని కూడా తీసుకుని ఒకసారి కైలాసగిరి వెళ్ళి రావచ్చా?" ఇంకొందరు అదీ అడగరు. ఇంట్లో మనిషి మంచం మీదుంటే మనకు షికార్లేమిటని ఊరుకుంటారు. ఈ ఇద్దరి కోసమే ఈ నాలుగు మాటలు.

ఒకే పార్కు, రెండు ఫలితాలు

ఆదివారం పార్కుకి వెళ్ళొచ్చినవారిని సోమవారం అడిగి చూడండి. ఒకరు "ప్రాణం లేచి వచ్చింది" అంటారు. ఇంకొకరు "ఒళ్ళంతా పులిసిపోయింది, ఎందుకు వెళ్ళామా అనిపించింది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చెట్లు, గాలి, పిల్లల నవ్వు, రోజూ చూసే నాలుగు గోడలు కనబడకపోవడం మనసుకు మంచివే. అదే చోట ఎండ, లైను, హోరు, ఖర్చు, పిల్లలు తప్పిపోతారేమోనన్న బెంగ కూడా ఉంటాయి. ఆ రోజు సేద తీరుతుందా, అలసట మిగులుతుందా అన్నది పార్కు చేతిలో కంటే మన చేతిలోనే ఎక్కువ ఉంది. ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి ఓపికకు తగ్గట్టు ఆ రోజును నడిపితే అది విశ్రాంతి. అందరికంటే హుషారుగా ఉన్నవారి వేగానికి మిగతావారిని లాగితే అది శ్రమ.

పెద్ద ఆటలు ఎక్కినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

మన ఎగ్జిబిషన్లలో కనబడే జెయింట్ వీల్‌కు తాత లాంటిది 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టిన చక్రం. దాని ఎత్తు 264 అడుగులు. అప్పటి నుంచి ఇలాంటి ఆటలన్నిటిలో ఉన్న కిటుకు ఒక్కటే: ప్రమాదం లేకుండా ప్రమాదంలో ఉన్నట్టు ఒంటిని నమ్మించడం. పైనుంచి ఒక్కసారిగా కిందికి జారినప్పుడు మెదడు నిజంగానే ఆపద వచ్చిందనుకుంటుంది. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం, బి.పి. పెరుగుతాయి, అరచేతులు చెమర్చుతాయి. దిగగానే "హమ్మయ్య" అనిపించి నవ్వు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకు సరదా అంటే ఆ నవ్వే.

జర్మనీలోని మాన్‌హైమ్ డాక్టర్లు 55 మంది ఆరోగ్యవంతులను రోలర్ కోస్టర్ ఎక్కించి వారి గుండె వేగం కొలిచారు. ఎక్కకముందు సగటున నిమిషానికి 91 సార్లు కొట్టుకున్న గుండె, ఆటలో 153కి పెరిగింది. ఈ ఫలితాన్ని 2005లో ప్రకటించారు. వారంతా ఏ జబ్బూ లేనివారు. గుండె రక్తనాళాలు సన్నబడిన మనిషికి అంత వేగం ఒక్కసారిగా వస్తే తట్టుకోవడం కష్టం.

కొందరికి తల తిరిగి వాంతులవుతాయి. లోపలి చెవి "కదులుతున్నావు" అని ఒకటి చెబుతుంది, కళ్ళు మరొకటి చెబుతాయి. ఆ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. అలాంటివారిని "పిరికివాడివి" అని ఎగతాళి చేసి మళ్ళీ ఎక్కించకండి. వాంతుల మాత్ర మత్తు తెస్తుంది, డాక్టరు చెప్పకుండా ముఖ్యంగా చిన్నపిల్లలకు వేయకండి.

వేగంగా తిరిగే, పైనుంచి పడేసే ఆటలు వీరు ఎక్కకూడదు:

1. గుండెజబ్బు ఉన్నవారు, స్టెంటు వేసినవారు, బైపాస్ అయినవారు, పేస్‌మేకర్ ఉన్నవారు.
2. బి.పి. అదుపులో లేనివారు, పక్షవాతం వచ్చి తగ్గినవారు.
3. గర్భిణులు. ఎన్నో నెల అయినా సరే.
4. మెడ, నడుము నొప్పులు, ఎముకల బలహీనత ఉన్నవారు.
5. ఫిట్స్ వచ్చేవారు. వీరు నీళ్ళ కొలనుల్లోనూ ఒంటరిగా దిగకూడదు.
6. ఈమధ్యే ఏ ఆపరేషన్ అయినా చేయించుకున్నవారు. కుట్లు విప్పేశారంటే లోపల పూర్తిగా మానిందని అర్థం కాదు. కంటి ఆపరేషన్ అయినవారు నీళ్ళ ఆటలకు, దుమ్ముకు కూడా దూరంగా ఉండాలి.

పిల్లల ఎత్తు ఇంత ఉండాలని ఆట దగ్గర బోర్డు పెడతారు. "ఒక్క అంగుళమే కదా, ఎక్కించండి" అని బతిమాలకండి. ఆ పట్టీ, ఆ కడ్డీ అంతకంటే చిన్న ఒంటిని పట్టి ఉంచలేవు.

ఎండ, ఉక్కపోత, ఆకలి

నిజానికి ఆటల కంటే ఎక్కువమందిని మా దగ్గరికి పంపేవి ఈ మూడే. మన విశాఖలో ఎండ అంతగా లేదనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అందుకే సముద్రం ఒడ్డున ఉన్నాం కదా అనుకుంటూనే సోలిపోతాం.

ఒక ఆదివారం సాయంత్రం ఒక పెద్దావిడను ఆటోలో క్యాజువాలిటీకి తెచ్చారు. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని మనవలతో బయల్దేరారట. లైన్లు తెమలక భోజనం మూడు దాటింది. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు మొదలయ్యాయి. ఎండదెబ్బ అనుకుని ఇంటివాళ్ళు నీళ్ళు చల్లుతూ విసురుతూ కూర్చున్నారు. పరీక్షిస్తే షుగరు 42. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచి ఆవిడ ముందు అడిగింది, "పిల్లలు ఏమైనా తిన్నారా" అని.

షుగరు మందు వాడేవారికి చెమట, వణుకు, తికమక మొదలైతే షుగరు పడిపోయిందనే అనుకోండి. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో టిఫినో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఎండలో తిరిగిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108ని పిలవండి. ఉత్త నీరసమైతే ఓ.ఆర్.ఎస్. చాలు. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్టు, గ్లాసు నీళ్ళు అని లెక్క మార్చకండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్ళ కొలత పెట్టినవారికి మాత్రం డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి.

అందరూ ఆడుతుంటే సంచి మోసేదెవరు?

ఈ ప్రశ్న ముఖ్యంగా మగవారికి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, పిల్లలను తయారుచేసి, పార్కులో సంచుల దగ్గర కాపలా కూర్చుని, రాత్రి ఇంటికొచ్చి గిన్నెలు కడిగిన ఇల్లాలికి అది సెలవు రోజా? ఒక పూట హోటల్లో టిఫిన్ చేస్తే నష్టం లేదు. సంచి దగ్గర వంతులవారీగా కూర్చోండి. ఆవిడను కూడా ఒక్క అరగంట ఎవరి పనీ లేకుండా కూర్చోనివ్వండి.

అలాగే స్టీలు ప్లాంటులో, పోర్టులో షిఫ్టులు చేసే అన్నదమ్ములకు ఒక మాట. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, పిల్లలకు మాటిచ్చామని నిద్ర లేకుండా బండి తీయకండి. గాజువాక వైపు నుంచి కైలాసగిరి అంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు. నాలుగు గంటలైనా పడుకుని సాయంత్రం బయల్దేరండి. పిల్లలకు మీరు కావాలి, పొద్దున పదింటికే కావాలని లేదు.

రోగిని ఇంట్లో ఉంచి వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. కొన్నిసార్లు వెళ్ళితీరాలి. నెలల తరబడి రోగిని చూసుకునేవారికి నిద్ర కరువవుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, చిన్నదానికే కళ్ళనీళ్ళు వస్తాయి. తమకు ప్రాణమైన మనిషి మీదే విసుక్కుంటారు, తరువాత కుమిలిపోతారు. అది చెడ్డతనం కాదు, అలసట.

పోర్టులో పనిచేసి రిటైరైన తండ్రిని రెండేళ్ళు డయాలసిస్‌కు తీసుకొచ్చిన ఒక అమ్మాయి నాకు గుర్తుంది. మిషను నడిచే నాలుగు గంటలూ బల్ల మీద అలాగే కూర్చునేది. ఒకరోజు బలవంతంగా ఆర్.కె. బీచ్‌కు పంపాం. తిరిగొచ్చి ఏడ్చింది. "నాన్న ఇక్కడ సూదులతో ఉంటే నేను అక్కడ మొక్కజొన్న పొత్తు తిన్నాను సిస్టర్" అంది. ఆయన విన్నారు. "లంగరేసిన ఓడలు ఎన్ని కనబడ్డాయమ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయి లెక్కపెట్టలేదు. "ఈసారి లెక్కపెట్టుకు రా" అన్నారు. ఆ తరువాత ఆయన డయాలసిస్‌కు వచ్చిన ప్రతిసారీ తండ్రీకూతుళ్ళకు మాట్లాడుకోవడానికి జబ్బు కాక మరొకటి దొరికింది.

అయితే ఏర్పాటు లేకుండా వెళ్ళకండి. ఆక్సిజన్ మీద ఉన్నవారిని, ఫిట్స్ వచ్చేవారిని, మతిమరుపు, తికమక ఉన్నవారిని, బతకాలని లేదంటున్నవారిని ఒంటరిగా వదలకూడదు. తోడికోడలో, మావయ్యో, పక్కింటి పిన్నిగారో ఎవరో ఒకరు ఉండాలి. వారికి మందుల వేళలు, మీ ఫోన్ నంబరు, డాక్టరు నంబరు పెద్ద అక్షరాలతో రాసిచ్చి వెళ్ళండి. ఎప్పుడు తిరిగొస్తారో రోగికి చెప్పండి, ఆ వేళకు రండి.

రోగినీ తీసుకెళ్తే ఎక్కడికి?

ముందు డాక్టరును అడగండి. సరే అంటే, మన ఊళ్ళో దగ్గరగానే చోట్లున్నాయి.

బీచ్ రోడ్డులోని వి.ఎం.ఆర్.డి.ఎ. పార్కు, అంటే మనం ఇప్పటికీ వుడా పార్కు అనేది, శివాజీపాలెంలోని శివాజీ పార్కు మొదటిసారికి మంచివి. అలసిపోతే వెంటనే ఇంటికి వచ్చేయవచ్చు. కైలాసగిరిపైకి బండి వెళ్తుంది కాబట్టి మెట్లెక్కనక్కరలేదు. రోప్‌వే, టాయ్ ట్రైను ఆ రోజు నడుస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. 1977లో తెరిచిన మన జూ 600 ఎకరాలకు పైబడినది. అంతా ఒకే రోజు చూడాలనుకుంటే ఆరోగ్యవంతులకే కాళ్ళు లాగుతాయి. రెండు మూడు జంతువులు చూసి, చెట్టు కింద కూర్చుని వచ్చేయండి. 2002 నుంచి ప్రదర్శనలో ఉన్న కురుసుర జలాంతర్గామి లోపల దారి ఇరుకు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి. ఆయాసం, మోకాళ్ళ నొప్పి, ఇరుకంటే భయం ఉన్నవారు బయటి నుంచే చూస్తే మేలు.

సముద్రంలో మాత్రం దిగవద్దు. ఆర్.కె. బీచ్‌లో, యారాడలో అలలకు కొట్టుకుపోయినవారి వార్తలు మీకు తెలియనివి కావు. హైదరాబాదు వండర్లా లాంటి పెద్ద పార్కులకు వెళ్ళేవారు, రాత్రంతా రైల్లో కూర్చుని పొద్దున నేరుగా ఆటలెక్కకండి. ఒకరోజు ఆగండి.

బయల్దేరే ముందు

1. మందులు, డిశ్చార్జి కాగితం నకలు, పంచదార లేదా గ్లూకోజు, ఓ.ఆర్.ఎస్., ఆయాసం ఉంటే ఇన్‌హేలరు సంచిలో పెట్టుకోండి.
2. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. ఎండలో ఆపిన బండి డిక్కీలో పెట్టకండి.
3. పదకొండు నుంచి నాలుగు దాకా నీడలో ఉండండి.
4. భోజనం వేళ మార్చకండి. లైను వదులుకున్నా ఫరవాలేదు.
5. ప్రతి గంటకూ పది నిమిషాలు అందరూ కూర్చోండి.
6. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసి పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చూపించండి.
7. ఎంత ఖర్చు పెడతారో ఇంట్లోనే అనుకోండి. మందులకు ఉంచిన డబ్బు ముట్టుకోకండి.
8. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం కనబడితే ఒక్క నిమిషం ఆగకండి, 108ని పిలవండి.

ఇంకొక్క మాట. టిక్కెట్టు కొన్నాం కదా, డబ్బులు గిట్టాలి కదా అని చీకటి పడేదాకా ఉండకండి. పెద్దవాళ్ళు "నాకేం ఫరవాలేదు" అంటూనే ఉంటారు, మీ సరదా చెడగొట్టడం వారికి ఇష్టముండదు. వారి మాట కాదు, ముఖం చూడండి. నడక నెమ్మదించినా, మాటలు తగ్గినా, కూర్చోవడానికి చోటు వెతుకుతున్నా ఇంటికి బయల్దేరే వేళయిందని అర్థం. ఇంకా కాస్త ఓపిక మిగిలి ఉండగానే తిరిగి వస్తే, మరోసారి వెళ్దామా అని వారే అడుగుతారు.

 మీ ఇంట్లో రోగి పరిస్థితికి ఏది తగునో తెలియకపోతే వార్డులో ఏ సిస్టర్‌నైనా మొహమాటపడకుండా అడగండి.