ఢోల్‌కల్ కొండమీద
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దస్త్రముల నడుమ కాలము గడపు మనకు కొండ యెక్కుట యొక విశేషమే. గత శీతకాలమున నేను సకుటుంబముగా గీదములోని బంధువుల యింటికి పోయి, అచ్చటినుండి ఢోల్‌కల్ శిఖరము నెక్కితిని. ఆ వృత్తాంతమును మనవిచేసెదను.

గీదము బస్తరు సీమలో దంతెవాడ కనతిదూరమున నున్నది. 1960వ దశకములో బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై వేసిన రైలుమార్గము దానిమీదుగనే పోవును. ఆ సీమ మనకు పరాయిది కాదు. సమీపమున నున్న బార్సూరులో 1060వ సంవత్సరపు తెలుగు శాసనము లభించినది. బస్తరు రాజవంశమునకు మూలపురుషుడు ఓరుగల్లు విడిచి వచ్చిన కాకతీయ అన్నమదేవుడని ప్రతీతి.

ఫరస్‌పాల్ గ్రామమునుండి కాలిబాట పట్టితిమి. గ్రామ యువకుడొకడు ముందు నడచెను. మొదట అడవిలో సులువైన నడక; పిదప ఏటవాలు; తుదకు బండలపై చేతులూని ప్రాకవలసి వచ్చెను. నా శ్రీమతి రెండుమార్లు కూర్చుండెను, నేను మూడుమార్లు.

శిఖరము సుమారు 3,000 అడుగుల యెత్తు. ఢోలువలె నుండుటచే దానికా పేరు వచ్చెనందురు. అందలి "కల్" మన సన్నికల్లులోని కల్లే యని నాకు తోచినది. కొన యందు గుడి లేదు, గోడ లేదు. ఆకాశమే కప్పుగా, సుమారు మూడడుగుల గణపతి కూర్చుండియున్నాడు. నాగవంశపు రాజుల కాలమున, ఇంచుమించు వేయేండ్ల క్రిందట మలచిన విగ్రహమది. క్రింద కనుచూపు మేర అడవియే.

దగ్గరకు పోగా రాతిపై అతుకులు కనబడెను. 2017 జనవరిలో ఆ విగ్రహమును ఎవరో లోయలోనికి త్రోసివేసిరి. శకలములను ఏరితెచ్చి, జోడించి, మరల నిలిపిరి. వేయేండ్ల గాలివానలు చేయలేని పనిని మానవహస్తము క్షణములో చేసినది!

నేనిట్లు చింతించుచుండగా, మా చిరంజీవి సుద్దరాయివంటి ముక్కతో బండపై తన పేరు వ్రాయుచుండెను. చిన్ననాట కోటగోడలపై నా పేరు చెక్కినవాడనే గనుక మందలించుటకు నాకు నోరు రాలేదు. ఆ యువకుడు మాత్రము మారు పలుకక, తన కండువాను నీటితో తడిపి, ఆ అక్షరములను తుడిచివైచెను. మావాడు తల వంచుకొని, తన సీసాలోని నీరు పోసి, తానును తుడిచెను.

దిగునప్పుడు వాడు నన్నడిగెను: "నాన్నగారూ, మీరు చెక్కిన పేరు ఇంకను ఉన్నదా?"

ఉన్నది. ఈ వేసవిలో మేమిరువురము ఆ కోటకు పోయి చూడ నిశ్చయించుకొంటిమి. అది చెరుగదని యెరుగుదును. చూపవలసినది మాత్రము చూపెదను.