నేలకెక్కిన కప్పపిల్ల మేత



వానాకాలం నారుమడి గట్టున కప్పపిల్లను చూడండి: వేలిగోరంత ఒళ్లు, వెనుక ఇంకా మొండితోక. ఆ తోక కరిగేదాకా మేత ముట్టదు. తోకే దాని సద్దిమూట. నీళ్లలో పాచి గీరుకుతిన్న నోరు ఈలోపు వెడల్పవుతుంది, నాలుక ఎదుగుతుంది. ఇక కదిలే పురుగైతేనే తింటుంది. పక్కనే చచ్చిన దోమ పడున్నా చూడదు. చిన్న చీమలు, చెదలు దొరికితే చాలు. మింగేటప్పుడు కళ్లు మూసుకుంటుంది. లోపలికి దిగిన కనుగుడ్లు ముద్దను గొంతులోకి తోయడానికి సాయపడతాయి.

సీసాలో పెంచుదామంటారు పిల్లలు. రోజూ బతికున్న పురుగుల్ని ఎవరు పట్టుకొస్తారు? గట్టు మీదే వదిలేస్తే దాని తిండి అదే వెతుక్కుంటుంది.